మధ్యస్తంభానికి మంట పెట్టిన రోజు

నేను ఒక ఉక్కు స్తంభాన్ని. స్తంభమనగానే మీకు మండపాలూ శిల్పాలూ స్ఫురించవచ్చు. అంతటి వైభవం నాకు లేదు. కారులో ముందు తలుపుకూ వెనుక తలుపుకూ నడుమ, పైకప్పు నుండి అడుగు పట్టీ వరకు నిలువుగా ఒక భాగం ఉంటుంది. దాని బయటి తొడుగుకు రంగు వేస్తారు, మెరుగు పెడతారు, తడిబట్టతో తుడుస్తారు. ఆ తొడుగు లోపల ఎవరి కంటా పడకుండా నిలిచి ఉండేది నేను. కంపెనీ కాగితాలలో నాకు ఒక పొడవైన పేరూ, పదకొండు అంకెల సంఖ్యా ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో మాత్రం నన్ను సెంటర్ పిల్లర్ అంటారు.

ముందు సీటులో కూర్చున్న మనిషి బెల్టు పైకొన నాకే బిగించి ఉంటుంది. పక్క నుండి ఏదైనా వచ్చి కొడితే, ఆ వస్తువుకూ ఆ మనిషికీ మధ్య నేను తప్ప చెప్పుకోదగినది ఏదీ లేదు. ఏళ్ల తరబడి ఏ పనీ లేకుండా నిలబడడం, ఏదో ఒకనాడు ఒక్క క్షణం పని చేయడం. నా ఉద్యోగం ఇంతే.

నా పుట్టుకను గురించి చెప్పేటప్పుడు కొంత అతిశయం ధ్వనిస్తే మన్నించండి. మామూలు రేకును చల్లగా ఉండగానే అచ్చులో పెట్టి నొక్కుతారు. అది చెప్పినట్లు వింటుంది. తరువాత ఎవరు ఏ సుత్తితో చెప్పినా వింటుంది. నా విషయం వేరు. నాలో చిటికెడు బోరాన్ కలిపారు. కొలిమిలో తొమ్మిది వందల డిగ్రీలు దాటేవరకు కాల్చి, ఎర్రగా మెరుస్తుండగానే తీసి, నీటి గొట్టాలతో చల్లబరచిన అచ్చుల మధ్య అదిమిపట్టారు. పది క్షణాలలో ఆ ఎరుపంతా ఆరిపోయింది. ఆ పది క్షణాలలోనే నా కణకణమూ బిగిసి, మామూలు రేకుకు నాలుగైదు రెట్ల బలం నాకు వచ్చింది. అందుచేత నన్ను రెండవసారి కాల్చకూడదు. కాలిస్తే ఆ బిగువు సడలిపోతుంది, మళ్లీ రాదు. ఈ సంగతిని నన్ను చేసినవారు పుస్తకంలో పెద్ద అక్షరాలతో అచ్చువేయించారు. మనుషులు పుస్తకాలు రాయడంలో చూపే శ్రద్ధ చదవడంలో చూపరని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేనున్న కారును కొన్నది హైమావతి గారు. ఆమెకు నలభై అయిదేళ్లు. కానూరులో ‘హైమ లేడీస్ డ్రైవింగ్ స్కూల్’ ఆమెదే. అందులో ఉపాధ్యాయురాలూ, గుమాస్తా, కారు కడిగే మనిషీ కూడా ఆమే. కారు ఇంటికి రాగానే ఎడమవైపు సీటు ముందు అదనంగా ఒక బ్రేకూ ఒక క్లచ్చీ పెట్టించారు. నేర్చుకునేవారు కుడివైపు స్టీరింగు ముందు కూర్చుంటారు. ఆమె ఎడమవైపు కూర్చుంటారు. నేను ఎడమవైపు స్తంభాన్ని. రెండేళ్లపాటు, రోజుకు ఎనిమిది గంటలు, ఆమె భుజం నాకు జానెడు దూరంలో ఉండేది. నేను విన్నన్ని కేకలు ఏ బడి గోడా విని ఉండదు.

“క్లచ్చి మీంచి కాలు మెల్లగా తియ్యమన్నా. ముల్లు గుచ్చుకున్నట్టు తియ్యమన్లేదు!” అనేవారు. “అద్దంలో చూసుకోమంది నీ బొట్టు కాదమ్మా, వెనకొచ్చే బస్సుని!” అనేవారు. తిట్లు తిన్న ఆ స్త్రీలే పరీక్షలో నెగ్గి స్వీటు పొట్లంతో వచ్చి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టేవారు. తిట్టినవారికి దణ్ణం పెట్టే ఆచారం మనుషులలో ఎందుకు ఏర్పడిందో నాకు అర్థం కాలేదు. ఆమె విషయంలో మాత్రం అది న్యాయమేననిపించేది.

ఒక మంగళవారం ఉదయం స్టీరింగు ముందు లీలారాణి అనే ఆవిడ ఉన్నారు. ఆడపిల్లల కాలేజీ ఒకటి తన కారు నడపడానికి ఆమెను తీసుకుంటానన్నది, లైసెన్సు చేతికి వచ్చిన మరుక్షణం. ఆమె కూడలిలో కుడివైపుకు తిప్పుతూ ఉండగా, ఎడమ సందులో నుండి ఇటుకల ట్రాక్టరు ఒకటి ఆగకుండా వచ్చింది. లీలారాణి కళ్లు మూసుకున్నారు. హైమావతి గారు తన బ్రేకు తొక్కారు. కారు ఆగింది, ట్రాక్టరు ఆగలేదు.

ముందు తలుపు రేకు కాగితంలా నలిగింది. దాని వెనుక నేనున్నాను. ఆ దెబ్బ నా నడుములో దిగి, అక్కడి నుండి పైకప్పులోకీ అడుగు పట్టీలోకీ పాకింది. నేను నాలుగు వేళ్ల మేర లోపలికి వంగాను, అంతకుమించి వంగలేదు. ఆమె భుజం కమిలింది. ఎముక విరగలేదు. నేను పుట్టింది ఆ క్షణం కోసమే గనుక, ఆ క్షణంలో నేను తడబడలేదని చెప్పుకోవడం గొప్ప కాదనుకుంటాను.

చుట్టూ జనం మూగారు. “దేవుడు చల్లగా చూశాడు” అన్నారొకరు. “పొద్దున్నే ఎవరి మొహం చూసిందో” అన్నారింకొకరు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. హైమావతి గారైతే భుజం పట్టుకుని, ఏడుస్తున్న లీలారాణి వైపు తిరిగి, “ఏడుపు తర్వాత. ముందు గేరు న్యూట్రల్లో పెట్టు” అన్నారు.

కారును ఆటోనగర్‌లో దస్తగిరి మేస్త్రీ షెడ్డుకు చేర్చారు. దస్తగిరికి అరవై దాటాయి. నలభై ఏళ్లుగా వంగిన ఇనుమును తిన్నగా చేయడమే అతని వృత్తి. అతని చేయి పడితే సొట్ట ఎక్కడుండేదో యజమానికే గుర్తుండదని ఆటోనగర్‌లో పేరు. హైమావతి గారి పాత కారును రెండుసార్లు బాగుచేసింది అతడే. పక్క షెడ్డులో రంగులు వేసే ఏసుపాదం అతని చిన్ననాటి స్నేహితుడు. దస్తగిరి తిన్నగా చేసినదాన్ని ఏసుపాదం నునుపు చేస్తాడు. మిగిలిన కాలమంతా ఇద్దరూ ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు.

బుధవారం బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేయడానికి ఫణీంద్ర అనే యువకుడు వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పావుగంట సేపు నన్ను పరిశీలించాడు. తొడుగు చిరిగిన చోట వేలు పెట్టి తడిమాడు. ఆ తరువాత హైమావతి గారి దగ్గరికి వెళ్లాడు.

“పిల్లర్ మార్చాలి మేడం. దీన్ని లాగకూడదు, వేడి అసలే పెట్టకూడదు. అతుకుల దగ్గర విప్పేసి మొత్తం కొత్తది వెయ్యాలి.”

“ఎన్నాళ్లు పట్టుద్ది?”

“పార్టు మద్రాసు నుంచి రావాలి. రెండు వారాలనుకోండి.”

“రెండు వారాలా! శనివారం ఆరుగురికి ఆర్టీవో ఆఫీసులో టెస్టుందయ్యా. ఇది తప్పితే మళ్లీ డేటు నెల తర్వాతే. రెండు బ్రేకుల బండి నాకు ఇదొక్కటే. వేరే బండి మీద వాళ్లు గేటు కూడా దాటలేరు.”

దస్తగిరి బీడీ ఆర్పి ముందుకు వచ్చాడు. “శుక్రవారం సాయంత్రానికి బండి మీ ఇంటి ముందుంటదమ్మా. గ్యాస్ పెట్టి రెండు పట్లు పడితే అదే వచ్చుద్ది.”

“గ్యాస్ పెట్టకూడదు దస్తగిరి గారూ” అంటూ ఫణీంద్ర తన ఫోనులో తయారీదారుల పుస్తకం తెరిచి చూపించాడు. “ఇదిగో, ఇక్కడ స్పష్టంగా ఉంది.”

“ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడన్నా సుత్తి పట్టుకున్నాడా సార్? ఇనుము ఇనుమే. ఎర్రబడిందంటే ఎవరి మాటన్నా వింటది.”

“ఇది ఆ ఇనుము కాదండీ.”

“మరి బంగారమా?” అని నవ్వాడు దస్తగిరి. ఏసుపాదం పగలబడి నవ్వాడు. హైమావతి గారు కూడా నవ్వారు. ఫణీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. “నేను మార్చమనే రాస్తున్నాను. నా సంతకం దాని మీదే ఉంటుంది” అని మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అతడు మలుపు తిరిగాక హైమావతి గారు ఒక్క క్షణం ఆలోచించారు. “లాగెయ్యండి మేస్త్రీ. మీ చెయ్యి నాకు తెలీదా?” అన్నారు.

ఇక్కడ దస్తగిరికి న్యాయం చేయడం నా బాధ్యత. అతడు మోసగాడు కాడు. నలభై ఏళ్లలో అతని చేతికి వచ్చిన ప్రతి ఇనుమూ మంటకు మెత్తబడి, చల్లారాక మునుపటి గట్టిదనానికి తిరిగి వచ్చింది. అతడు నేర్చినదంతా నిజమే. ఆ నిజం నాకు వర్తించదన్నది ఒక్కటే అతనికి తెలియదు. నాకు తెలుసు, కాని నాకు నోరు లేదు.

గురువారం ఉదయం తొడుగును కోసి పక్కన పెట్టి, మొదటిసారిగా నన్ను వెలుతురులో చూశాడు. నా నడుముకు గొలుసు చుట్టి, జాకీతో బయటికి లాగాడు. నేను కదిలాను. జాకీ వదలగానే ఉన్నచోటికి వచ్చేశాను. మళ్లీ లాగాడు; మళ్లీ వచ్చేశాను. మూడవసారి గొలుసు లింకు ఒకటి తెగి, షెడ్డు రేకుకు తగిలి మోగింది.

“ఏం భాయ్, నీ మాట ఇంట్లోనే వినరనుకున్నా. షెడ్డులో కూడా వినట్లేదా?” అన్నాడు గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న ఏసుపాదం.

“మొండి ఘటం. దీని సంగతి నాకు తెలుసులే” అని దస్తగిరి గ్యాస్ సిలిండరు మర తిప్పాడు.

నీలపు మంట నా నడుము మీద వాలింది. మొదట గోధుమ రంగుగానూ, తరువాత నీలంగానూ మారాను. ఆపమని అరవాలని ఉంది. ఆ మంట నా పుట్టుకనాటి మంటకు సోదరి వంటిదే. కాని ఆనాడు నన్ను బిగపట్టిన చల్లని అచ్చు ఈనాడు లేదు. బిగువంతా ఒక్కొక్క పొరగా సడలిపోతూ ఉండగా, నేను ఎర్రబడ్డాను. దస్తగిరి గొలుసు లాగాడు. ఈసారి నేను ఎదురు తిరగలేదు. వెన్నుకు చెక్క ఆనించి నాలుగు సుత్తి దెబ్బలు వేశాడు. నేను తిన్నగా నిలిచాను.

అతడు తాడు పట్టి మూల నుండి మూలకు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. కొత్త తలుపు బిగించి వేస్తే ‘టక్’మని ఒకే ఒక్క చప్పుడు. పక్క షెడ్ల మేస్త్రీలు వచ్చి చూసి తలలాడించారు. “దస్తగిరి చెయ్యంటే చెయ్యే” అన్నారు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఆ మెచ్చుకోలు విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. నన్ను విప్పి పారేయాలని ఫణీంద్ర అన్నాడు. ఉంచాలని దస్తగిరి అన్నాడు. ఉండిపోవాలన్న ఆశ ఇనుముకు కూడా ఉంటుంది. నడుములో బలం లేదని తెలిసి కూడా, తిన్నగా కనబడుతున్నాను గదా అని ఒక పూట నన్ను నేను సమాధానపరచుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు తొడుగు మూయడానికి సర్వం సిద్ధమైంది. హైమావతి గారు ఆటోలో వచ్చారు. ఆగలేక, ఎడమవైపు సీటులో ఎక్కి కూర్చుని, మరునాటి పరీక్షకు వెళ్లేవారికి ఒక్కొక్కరికీ ఫోను చేయసాగారు. ఏసుపాదం ఉత్సాహం పట్టలేక డబ్బా మూతలో సొట్టలు పూడ్చే పుట్టీ తీసి, గట్టిపడే మందు కూడా కలిపేశాడు. ఆ మందు కలిశాక పుట్టీ పది నిమిషాలకు మించి ఆగదు.

దస్తగిరికి ఒక అలవాటు ఉంది. అతని గురువు నేర్పినది. ఏ పనినైనా మూసివేసే ముందు, ఎవరికీ కనబడని చోట సూదిమొన వంటి ఉలితో ఒక్క చుక్క కొడతాడు. పేరు రాయడు. ఆ చుక్కను ఎవరూ చూడరు. పని తనకు తృప్తినిచ్చిందని తనతో తాను చెప్పుకోవడమే దాని ప్రయోజనం. అతడు నా నడుము మీద ఆ ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా తట్టాడు.

ఉలి దిగింది. అల్యూమినియం గిన్నెలో దిగినట్లు దిగింది.

అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఉలి మొన చూసుకున్నాడు. మంట తగలని చోట, జానెడు పైకి జరిపి, అదే దెబ్బ కొట్టాడు. ‘టింగ్’మని మోగి ఉలి జారిపోయింది, మొన చదునైంది. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. అతడు ఉలిని ఆకురాయి మీద పదును పెట్టి మళ్లీ వచ్చాడు. కింద కొట్టాడు, దిగింది. పైన కొట్టాడు, జారింది.

“ఏంటి మేస్త్రీ, తాళం వేస్తున్నారా? పాట కూడా పాడండి” అన్నారు లోపలి నుండి హైమావతి గారు.

దస్తగిరి ఉలి పక్కన పెట్టాడు. నా మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. మాటలు నమ్మని మనిషి, పుస్తకం నమ్మని మనిషి. కాని ఆ అరచేతిని నమ్మకుండా అతడు ఒక్కరోజు కూడా బ్రతకలేదు. ఆ చేయి ఇప్పుడు ఏమి చెప్పిందో అతని ముఖంలో నాకు కనబడింది.

“మూసెయ్ భాయ్, పుట్టీ గట్టిపడిపోద్ది” అన్నాడు ఏసుపాదం.

దస్తగిరి తొడుగు ఎత్తి నా మీద ఆనించాడు. పట్లు బిగించాడు. ముఖానికి నల్ల అద్దాల ముసుగు దించుకున్నాడు. మొదటి అతుకు పడింది. నా చుట్టూ చీకటి కమ్మసాగింది. రెండవ అతుకు పడింది. ఇంకొక పన్నెండు పడితే చాలు. ఆపైన పుట్టీ, ఆపైన రంగు, ఆపైన మెరుగు. నేనొక అబద్ధంగా నిలబడి ఉంటాను. రోజుకు ఎనిమిది గంటలు ఆ భుజం నా పక్కనే ఉంటుంది. లోపల ఆమె ఫోనులో లీలారాణికి ధైర్యం చెబుతున్నారు.

“భయమెందుకే? టెస్టుకు ముందు ఓ రౌండు వేద్దాం. నేను పక్కనే కూర్చుంటాగా!”

మూడవ అతుకు పడలేదు. దస్తగిరి ముసుగు ఎత్తాడు. ఉలి తీసుకుని, పడిన రెండు అతుకులనూ ఊడగొట్టాడు. తొడుగు నేల మీద పడి మోగింది.

“అమ్మా, దిగండి.”

“అయిపోయిందా?”

“అవలేదు. చెడిపోయింది. నేనే చెడగొట్టాను.”

ఆమె వేళాకోళమనుకుని నవ్వుతూ దిగారు. అతడు సుత్తీ ఉలీ ఆమె చేతికిచ్చాడు. “ఇక్కడ కొట్టండి. ఆఁ. ఇప్పుడు ఇక్కడ.” ఆమె కొట్టారు. తేడా తెలియడానికి మేస్త్రీ కానక్కరలేదు.

“అయితే ఏంటట?”

“మొన్న ట్రాక్టరు గుద్దినప్పుడు మిమ్మల్ని కాచింది ఈ గట్టిదనమమ్మా. దానికి నేను మంట పెట్టి మెత్తబరిచా. చూడ్డానికి బానే ఉంటది. ఇంకోసారి ఎవడన్నా గుద్దితే మాత్రం ఆగదు. మీ మీదకు మడతపడుద్ది.”

ఆమె సుత్తీ ఉలీ కింద పడేశారు. ఆమె కేకకు షెడ్డు దద్దరిల్లింది.

“ఆ అబ్బాయి మొన్ననే చెప్పాడుగా!”

“చెప్పాడు.”

“మీరు నవ్వారుగా!”

“నవ్వాను.”

ఆమె ఇంకేదో అనబోయి ఆగారు. “నేనూ నవ్వాను” అన్నారు, గొంతు తగ్గించి. చేతిలోని ఫోను మళ్లీ మోగింది. దాన్ని చూసి, నన్ను చూసి, ఆమె చప్పున దస్తగిరి వైపు తిరిగారు. “సరే, రేపొక్కరోజు మూసెయ్యండి. పొద్దున తీసుకెళ్తా, మధ్యాహ్నానికి తెచ్చి మీ షెడ్డులోనే పడేస్తా. ఆ తర్వాత ఎన్నాళ్లన్నా ఉంచుకోండి. ఒక్కరోజులో ఏ ట్రాక్టరొస్తదయ్యా?”

“మొన్న వచ్చింది కూడా ఒక్కరోజేగా అమ్మా.”

“బండి నాది మేస్త్రీ!”

“బండి మీదే. పని నాది.”

“ఏసుపాదం! నువ్వు మూసెయ్యి. నీకూ అతుకు పెట్టడం వచ్చుగా!”

ఏసుపాదం ఒకసారి ఆమెనూ, ఒకసారి స్నేహితుణ్ణీ చూశాడు. “రేపొక్కరోజేగా భాయ్… ఆరుగురు ఆడాళ్ల బతుకు…” అని నసిగాడు.

దస్తగిరి కూడా ఒక్క క్షణం ఊగాడు. నేను చూశాను. రెండు రోజుల క్రితం అందరి ఎదుటా ఇచ్చిన మాట అది. పక్క షెడ్ల వారు అప్పటికే గుమ్మంలోకి చేరారు. నిజం చెప్పాలంటే నేను కూడా ఊగాను. ఒక్కరోజే గదా అని నాకూ అనిపించింది. అప్పుడతడు వంగి, నేల మీదున్న కోతయంత్రం అందుకున్నాడు. చక్రం గిర్రున తిరిగింది. ఎవరూ అడ్డుపడే లోపల దాన్ని నా నడుముకు ఆనించాడు.

మంట తగిలిన చోట నేను తెగడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అంతటి తేలికగా తెగినందుకు సిగ్గుపడ్డాను. యంత్రం ఆగింది. పైముక్క ఒకవైపు, కిందిముక్క ఒకవైపు. నడుమ వేలెడు సందు.

“ఇంక మూయమని ఎవరూ అడగలేరు. నాక్కూడా బుద్ధి పుట్టదు” అన్నాడు దస్తగిరి.

డబ్బా మూతలో పుట్టీ రాయి అయింది. హైమావతి గారు స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరికీ మళ్లీ ఫోను చేశారు. అయిదుగురు తిట్టారు. లీలారాణి తిట్టలేదు, సరేనన్నారట. ఆ ఒక్క ఫోను తరువాత హైమావతి గారు చాలాసేపు లేవలేదు. వెళుతూ దస్తగిరితో ఒక్క మాట కూడా అనలేదు. తరువాత కూడా నెల దాటేవరకు అనలేదు.

మంచిపని చేసినవారికి వెంటనే మన్నన దొరుకుతుందని మనుషుల కథలలో ఉంటుంది. షెడ్డులో నేను చూసినది అది కాదు. ఆటోనగర్‌లో వారం రోజులు నవ్వుకున్నారు. కాలేజీవారు లీలారాణి కోసం ఆగలేదు, ఇంకెవరినో పెట్టుకున్నారు. ఆమె ఒకనాడు షెడ్డుకు వచ్చి, “నా ఉద్యోగం పోయింది మేస్త్రీ” అన్నారు. “అవునమ్మా” అన్నాడు దస్తగిరి. తనను సమర్థించుకోవడానికి అతని దగ్గర మాటలు లేక కాదు. అతడు వాటిని వాడలేదు, అంతే. ఆమె వెనుదిరిగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అతడు ఏసుపాదాన్ని అడిగాడు: “ఈ రెండు మూడేళ్లలో కొత్త బండ్ల పిల్లర్లకి ఎన్నిటికి గ్యాస్ పెట్టామంటావు?”

“పుట్టీ కింద ఏముందో నాకేం తెలుసు భాయ్?” అన్నాడు ఏసుపాదం. కాసేపటికి తానే వ్రేళ్లు మడవసాగాడు. తొమ్మిది తేలాయి. మరునాటి నుండి దస్తగిరి ఆ తొమ్మిది మందికీ ఫోను చేసి, బండి ఒకసారి తెమ్మని అడిగాడు. నలుగురు తెచ్చారు. ముగ్గురు తిట్టారు. ఒకరు ఎప్పుడో అమ్మేశారు. ఒకరు ఎంతకీ ఫోను ఎత్తలేదు. ఆ ఒక్కరికి మాత్రం అతడు రోజూ చేస్తూనే ఉండేవాడు.

కొత్త స్తంభం పదహారు రోజులకు వచ్చింది. ఫణీంద్రను పిలిపించి, స్టూలు తుడిచి కూర్చోబెట్టి, “ఆ పుస్తకం చదువు సార్, తెలుగులో చెప్పు” అన్నాడు దస్తగిరి. ఏ అతుకు ఎక్కడ తొలచాలో, ఏ అతుకు ఎలా పెట్టాలో ఆ యువకుడు చదివి చెబుతుంటే, ఒక్కొక్క వాక్యాన్నీ రెండుసార్లు చెప్పించుకుని చేశాడు. నా రెండు ముక్కలనూ అతుకుల దగ్గర విప్పాడు. నా పైముక్క, మంట తగలనిది, తేలికగా లొంగలేదు. మూడు డ్రిల్లు ముళ్లు విరిగాయి. విరిగిన ప్రతిసారీ ఫణీంద్ర తలెత్తి చూశాడు. దస్తగిరి మాత్రం తిట్టలేదు. “చూశావా సార్, దీని పొగరు!” అన్నాడు, ఎవరినో మెచ్చుకుంటున్నట్లు.

ఆ తరువాత నేను షెడ్డు వెనుక పాత ఇనుము కుప్పలో ఉన్నాను. వానకు తడిశాను, ఎండకు ఎండాను, నడుములో తుప్పు మొదలైంది. పైముక్క ఇప్పటికీ గట్టిదే, కిందిముక్క కొసమాత్రం మెత్తనిది. రెండూ ఒకే వైరుతో కట్టి ఉన్నాయి. నేను ఒకసారి ఒక మనిషిని కాపాడాను. రెండవసారి కాపాడలేకపోయేదాన్ని, ఆ పరీక్ష నాకు పెట్టకుండా ఒక ముసలి మేస్త్రీ తప్పించాడు. నన్ను తిన్నగా చేసిన రోజు అందరూ మెచ్చుకున్నారు. కోసిన రోజు అతడు నన్ను గౌరవించాడు. ఆ రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోవడానికి కుప్పలో నాకు కావలసినంత తీరిక దొరికింది.

నిన్న పాత ఇనుము లారీ వచ్చింది. కొలిమికి పంపుతారట. అక్కడ నా బలమూ బలహీనతా రెండూ కరిగి ఒకటవుతాయి. ఆ తరువాత కిటికీ ఊచనవుతానో, కుంపటి కాలవుతానో, ఎవరికి తెలుసు?

లారీ ఆటోనగర్ గేటు దాటి సిగ్నలు దగ్గర ఆగింది. పచ్చదీపం వెలిగినా కదలలేదు, ముందున్న కారు ఆగిపోయి ఉంది గనుక. దాని వెనుక అద్దం మీద ఎర్రని ‘ఎల్’ గుర్తు ఉంది. లారీ డ్రైవరు విసుగుతో హారను మోగించాడు. మళ్లీ మోగించాడు. కారు ఎడమ కిటికీ అద్దం దిగింది. అందులో నుండి ఒక తల బయటికి వచ్చింది.

“ఏంటయ్యా ఆ మోత? నువ్వు మీ అమ్మ కడుపులోంచే స్టీరింగు పట్టుకుని పుట్టావా? ఆగలేవా ఒక్క నిమిషం?” అని లారీ వైపు అరిచి, ఆ తల లోపలికి తిరిగింది. “నువ్వు వాడి మాట పట్టించుకోకు తల్లీ. క్లచ్చి తొక్కు. తాళం తిప్పు. ఆఁ, ఇప్పుడు మెల్లగా వదులు… మెల్లగా అన్నానా!”

కారు ఒక్క గెంతు గెంతి, నిలదొక్కుకుని, ఎడమకు తిరిగి వెళ్లిపోయింది. మా లారీ తిన్నగా సాగింది.